గూడున్న చెట్టుదే నేరం

అన్యాయం జరిగింది ఎవరికి? చింతలేరు పట్టణంలో భోజన హోటలు నడుపుకునే గుత్తుల వజ్రమ్మకు. ఏమిటా అన్యాయం? ఊరంతా పారేసిన ప్లాస్టిక్కును కొంగలు ఏరుకొచ్చి ఆమె పెరటి చింతచెట్టు మీద గూళ్ళు కట్టుకున్నాయి. ఆ ప్లాస్టిక్కంతా ఆమెదేనని తేల్చి, పురపాలక సంఘం ఆమె హోటలుకు తాళం వేసింది. చేసినవారు ఎవరు? చదువుకున్నవారు, సంతకం పెట్టే ముందు కళ్ళద్దాలు తుడుచుకునే అలవాటున్నవారు. జవాబులన్నీ ముందే చెప్పేశాను కనుక పాఠకులు ఉత్కంఠతో బాధపడనవసరం లేదు. ఎలా జరిగిందన్నది మాత్రం కొంత వివరంగానే చెప్పాలి. మూర్ఖత్వం ఒక్క పూటలో పూర్తయ్యే పని కాదు. దానికి సమావేశాలు కావాలి, తీర్మానాలు కావాలి, మధ్యమధ్య టీలు కావాలి.

వజ్రమ్మ హోటలంటే తాటాకు పందిరి, కింద నాలుగు బల్లలు, వెనక పెరట్లో చింతచెట్టు. నాది పక్క ఇల్లు. ఉద్యోగం నుంచి విరమించిన తరువాత మధ్యాహ్న భోజనానికి నేను అక్కడికే వెళ్ళేదాన్ని. ఆమె వడ్డన విస్తట్లో. పొట్లం కావాలంటే అరటాకులో కట్టి అరటి నారతో బిగించేది. సాంబారు కావలసినవాళ్ళు గిన్నె తెచ్చుకోవాలి. కొత్తవాళ్ళెవరైనా సంచీలో పోసిమ్మంటే ఆమె గరిటె దింపి వాళ్ళను తేరిపార చూసేది.

"సాంబారుకి సంచీ ఎందుకు నాయనా? అదేవన్నా ఊరెళ్తందా?"

పురపాలక సంఘం వజ్రమ్మకు ఒక పాత బాకీ ఉంది. పెద్ద తుఫాను వచ్చిన ఏడు సహాయ శిబిరంలో వంటకని ఆమె అత్తగారి నాటి ఇత్తడి గంగాళాలు మూడు పట్టుకెళ్ళారు. తుఫాను వెలియగానే తిరిగి ఇస్తామన్నారు. తుఫాను ఆ వారంలోనే వెలిసింది; గంగాళాలు రాలేదు. వజ్రమ్మ ఏటా వెళ్ళి అడిగేది. ఏటా ఒకే జవాబు. గంగాళాలు 'తుఫాను సామగ్రి' కింద నమోదయ్యాయి. తుఫాను ముగిసినట్టు ఉత్తర్వు వెలువడితే తప్ప తుఫాను సామగ్రిని విడుదల చేయడానికి వీలులేదు. తుఫాను మొదలైనట్టు ఉత్తర్వు ఇచ్చారు గానీ ముగిసినట్టు ఇవ్వాలని ఎవరికీ తోచలేదు. అందువల్ల చింతలేరులో ఆ తుఫాను అధికారికంగా నేటికీ వీస్తూనే ఉంది. గంగాళాలు లేక వజ్రమ్మ పెళ్ళి వంటలు ఒప్పుకోవడం మానేసింది. వాటిలో ఒకటి పురపాలక కార్యాలయం గుమ్మం దగ్గర ప్లాస్టిక్ తామరపూలతో సందర్శకులకు స్వాగతం పలికేది.

ఇక పక్షుల సంగతికి వస్తాను.

పక్షి గూటిలో ప్లాస్టిక్ కనబడితే ఊళ్ళో ప్లాస్టిక్ ఉన్నట్టు. పక్షి దానిని తయారు చేయదు, కొనదు, దొరికినది తెచ్చుకుంటుంది. కనుక గూళ్ళను చూసి ఊరి సంగతి తెలుసుకోవచ్చునని శాస్త్రజ్ఞులు చెప్పారు. ఇందులో చిన్నపిల్లలకు అర్థం కానిది ఏమీ లేదు. దీనిని అపార్థం చేసుకోవడానికి ఒక ప్రభుత్వ శాఖే కావలసి వచ్చింది. ఆ శాఖ 'పక్షి సూచీ పథకం' అని ఒకటి ప్రకటించింది. ప్రతి పట్టణంలో గూళ్ళు దింపి, అందులోని ప్లాస్టిక్ ముక్కలు లెక్కించి, సూచీ నిర్ణయిస్తారు. తక్కువ సూచీ వచ్చిన పట్టణానికి పురస్కారం, ఆ పట్టణ కమిషనర్‌కు రాజధానిలో సన్మానం.

మా కమిషనర్ భీమశంకరం గారికి సన్మానాలు గిట్టకపోవడమేమీ లేదు. ఆయన పుట్టినరోజుకు ఊరి ప్రతి స్తంభానికీ ఆయన చిరునవ్వుతో ఒక ఫ్లెక్సీ కట్టేవారు. అవి మరుసటి పుట్టినరోజు వచ్చేలోగా ఎండకు పెళుసెక్కి, గాలికి పీలికలై ఎగిరిపోయేవి. ఎక్కడికి ఎగిరిపోతున్నాయని ఎవరూ అడగలేదు.

సర్వే జరిగింది. పారిశుధ్య ఇన్‌స్పెక్టర్ ధనుంజయ నిచ్చెన వేయించి వజ్రమ్మ చింతచెట్టు మీది గూళ్ళు పరీక్షించి, పిల్లలు లేనివి దింపించాడు. పుల్లల కంటే ప్లాస్టిక్కే ఎక్కువ ఉంది. నైలాను తాళ్ళు, పాల ప్యాకెట్లు, బిర్యానీ సంచులు, వాటి మధ్య మెత్తగా పరిచిన ఫ్లెక్సీ పీలికలు. ఒక గూటిలో కమిషనర్‌గారి ఎడమ కన్ను, ఇంకొక దానిలో సగం మీసం. కాలికి నైలాను తాడు చుట్టుకుని ఒక కొంగపిల్ల కిందపడి ఉంటే వజ్రమ్మ ఒళ్ళో పెట్టుకుని ఆ తాడు కత్తిరిస్తూ ఉంది. ధనుంజయ ఆ తాడు ముక్కను ఆమె చేతిలోంచి తీసుకుని లెక్కలో కలుపుకున్నాడు.

మొత్తం చింతలేరు సూచీలో సింహభాగం ఆ ఒక్క చెట్టుది. అక్కడ మా కమిషనర్‌గారి మేధ వెలిగింది. ప్లాస్టిక్ ఊరిది అంటే బాధ్యత ఊరిది, అంటే తనది. అదే చెట్టుది అంటే చెట్టుగలవారిది. 'గూడు ఏ చెట్టు మీద ఉంటే అందులోని ప్లాస్టిక్ ఆ చెట్టు స్వాధీనంలో ఉన్న వ్యక్తికి చెందినదిగా భావించబడును' అని తీర్మానం చేయించారు.

నాకు ఈ నియమం కొత్త కాదు. నేను చదువుకున్న కాన్వెంటులో సిస్టర్ ఫిలోమినా కాగితం ముక్క ఎవరి బెంచీ కింద కనబడితే ఆ పిల్లను నిలబెట్టేవారు. మొదటి గంట ముగిసేలోగా కాగితాలను పక్క బెంచీ కిందికి కాలితో తోయడం తరగతి అంతా నేర్చుకుంది. గది మాత్రం ఎప్పటిలాగే మురికిగా ఉండేది. సిస్టర్‌కు ఆ కిటుకు ఒక్క వారంలో అర్థమై నియమాన్ని ఎత్తివేశారు. ఆవిడ ఏ పోటీ పరీక్షా రాసి ఆ పదవికి వచ్చినవారు కాదు.

విచారణ నాడు వజ్రమ్మకు తోడుగా నేను వెళ్ళాను. గుమ్మం దగ్గర తామరపూలు నేల మీద పడి ఉన్నాయి, గంగాళం లేదు. లోపల కమిషనర్‌గారి బల్ల పక్కన మూడు గంగాళాలూ వరుసగా ఉన్నాయి, నిండా గూళ్ళ ప్లాస్టిక్కుతో. చెట్టు మీది సరుకు పట్టేంత పాత్రలు ఆ కార్యాలయంలో మరి లేవట.

వజ్రమ్మ వాటిని చూసి ఆగిపోయింది.

"ఇయ్యి నావండి," అంది.

"ఒప్పుకున్నారు, రాసుకోండి," అన్నారు కమిషనర్‌గారు.

"లోపలిది కాదండి. ఇత్తడి. మా అత్తగారియ్యండి. ఇదిగో, అంచు మీద సొట్ట."

"అమ్మా, సాక్ష్యాన్ని ముట్టుకోకూడదు," అన్నాడు ధనుంజయ.

కమిషనర్‌గారు కళ్ళద్దాలు తుడుచుకున్నారు. "ప్రస్తుత విచారణ పరిధిలో పాత్రలు లేవు. పాత్రలలోని పదార్థం మాత్రమే ఉంది. చెట్టు మీదేనా?"

"చెట్టు నాదేనండి."

"గూళ్ళు?"

"గూళ్ళు కొంగలయ్యండి."

"కొంగలు ఎవరివి?"

"ఎవరియ్యేంటండి? చెట్టు నాది గానీ కొంగ నాది కాదు కదండీ. నేనేవన్నా పిలిచానా, పేరంటమా?"

"చెట్టుకు కాసిన చింతపండు ఎవరు వాడుకుంటున్నారు?"

"నేనేనండి. ఏడాదికోసారి ఇన్‌స్పెక్టరుగారు కూడా ఓ బుట్ట పట్టికెళ్తారు."

ధనుంజయ కిటికీలోంచి బయటికి చూశాడు. కమిషనర్‌గారు గంభీరంగా తల పంకించారు. "చెట్టు ఫలం మీదైనప్పుడు చెట్టు మీది ప్లాస్టిక్ కూడా మీదే. ఇది సహజ న్యాయం."

నేను లేచి, ఆ ప్లాస్టిక్ ఆమె కొన్నది కాదని, ఆమె హోటల్లో ప్లాస్టిక్ అన్నదే లేదని, గంగాళంలోంచి తొంగిచూస్తున్న మీసం ఎవరిదో సభవారికి తెలియనిది కాదని మనవి చేశాను.

"సాక్ష్యంలో మా ముఖం ఉండటం యాదృచ్ఛికం," అన్నారు కమిషనర్‌గారు.

"పైగా అది అనుమతి లేకుండా స్వాధీనంలో ఉంచుకున్న ముఖం," అని ధనుంజయ గుర్తు చేశాడు.

ఒక చిన్న మినహాయింపైనా ఇవ్వమని అడిగాను. కమిషనర్‌గారు నా వంక జాలిగా చూశారు. "మేడంగారూ, మీరు పెద్దవారు. చట్టం ముందు చెట్లన్నీ సమానమే. ఒక చెట్టుకు మినహాయింపు ఇస్తే అడవి మొత్తానికి ఇవ్వవలసి వస్తుంది."

ఆ వాక్యం ఆయనకే ఎంతో నచ్చింది. మరునాడే దానిని ఫ్లెక్సీ మీద అచ్చువేయించి కూడలిలో కట్టించారు.

హోటలుకు తాళం పడింది. ఆ చెట్టు సూచీ శూన్యానికి దిగేదాకా తాళం తీయరు. చెట్టు కొమ్మలు కూడా నరకాలి. "మిగిలిన గూళ్ళలో పిల్లలున్నాయి బాబూ, ఎగిరేదాకా ఆగండి," అని వజ్రమ్మ బతిమాలింది. ఆమె మాట ఎవరూ వినలేదు గానీ, కొమ్మల నరికివేతకు పిలిచిన టెండరు రెండుసార్లు వాయిదా పడటంతో పిల్లలు ఎగిరిపోయాయి. ఈ పాలనలో పక్షులకు జరిగిన మేలు అదొక్కటే. తరువాత వచ్చి చెట్టును మొండెం చేసి వెళ్ళారు. అయినా తాళం తీయలేదు. చెట్టుకు గూళ్ళు లేవు కనుక సూచీ కొలవలేమట. కొలవనిది శూన్యమని చెప్పలేమట.

హోటలుకు ఎదురుగా ఒక బిర్యానీ సెంటరు ఉంది. అక్కడ బిర్యానీ, పులుసు, పెరుగు, చివరికి ఉల్లిపాయ ముక్కలు కూడా వేరువేరు ప్లాస్టిక్ సంచుల్లో ఇచ్చేవారు. దాని ఆవరణలో చెట్టు లేదు. చెట్టు లేదు కనుక గూడు లేదు, గూడు లేదు కనుక ప్లాస్టిక్ లేదు. పురపాలక సంఘం ఆ సెంటరుకు 'ప్లాస్టిక్ రహిత సంస్థ' అని ఒక పలక ఇచ్చింది. పలక ప్లాస్టిక్‌ది. పొయ్యి ఆరిపోయిన వజ్రమ్మ పూట గడవక ఆ సెంటరులోనే పనికి చేరింది. సంచీలో సాంబారు పోసి మూతి ముడివేయడం ఆమె పని. మొదటి రోజు నన్ను రోడ్డు మీద చూసి తల తిప్పుకుంది. ఆ తల తిప్పుకోవడాన్ని నేను క్షమించలేదు. ఆమెను కాదు, తాళం వేసినవారిని.

నియమం మాత్రం ఊరంతా బాగా పనిచేసింది. ఎవరి చెట్టు మీద గూడు ఉంటే వారికి నోటీసు. జనం తెల్లవారగానే పెరళ్ళలోకి వచ్చి పళ్ళాలు మోగించి కాకులను పక్కవాళ్ళ పెరట్లోకి తోలేవారు. పక్కవాళ్ళు తిరిగి తోలేవారు. వియ్యాలవారి మధ్య కూడా మాటలు లేకుండా పోయాయి. చివరికి కౌన్సిల్ సమావేశంలో ఇద్దరు వార్డు సభ్యులు లేచి నిలబడ్డారు.

"మీ వార్డు కాకులు మా వార్డులో గూడెట్టాయండి. ఇది కక్షసాధింపు."

"మా వార్డు కాకులని నీకెవరు చెప్పారు? మొహం చూసి పోల్చేవా?"

"మీ చేపల మార్కెట్లో తిని మా దగ్గర కాపరవెట్టాయి. తిండి ఎక్కడో ఊరు అక్కడే కదా."

కమిషనర్‌గారు దీనిని తీవ్రంగా పరిగణించి, పక్షుల స్థానికతను నిర్ధారించడానికి కాకుల కాళ్ళకు వార్డుకు ఒక రంగు చొప్పున ఉంగరాలు తొడిగించారు. ఉంగరాలు ప్లాస్టిక్‌వే. అవి గూళ్ళలో కనబడితే లెక్కలోకి రావని సవరణ తెచ్చారు. పక్షులను భయపెట్టడానికి మేడల మీద మెరిసే ప్లాస్టిక్ రిబ్బన్లు కట్టించారు. 'ఈ ప్రాంతంలో గూళ్ళు నిషేధం' అని పక్షులకు తెలిసేలా ఇంటింటికీ ఫ్లెక్సీ ఇచ్చారు. చివరికి జనానికి విసుగు పుట్టి చెట్లే కొట్టేశారు. వేసవి వచ్చేసరికి చింతలేరులో నీడ అన్నది దుకాణాల్లో కొనుక్కునే వస్తువైంది.

సూచీ శూన్యం. ఏటిగట్టున చెత్తదిబ్బ రెండు అంతస్తులు పెరిగింది గానీ దాని మీద ఏ పక్షీ గూడు కట్టలేదు కనుక అది సర్వేకు అందలేదు. పొగకు దగ్గుతున్న పిల్లను వంటింట్లోంచి పంపేసి, దగ్గు వినబడటం లేదు కనుక పొగ లేదని చాటుకున్నట్టుంది వ్యవహారం. రాష్ట్రంలోకెల్లా నిర్మలమైన పట్టణంగా చింతలేరు ఎంపికైంది. వానాకాలంలో పురస్కార సంఘం వచ్చి కళ్ళారా చూసి వెళ్తుందని కబురు వచ్చింది.

వానాకాలంలో కొంగలు కూడా వచ్చాయి.

ఏటా వచ్చినట్టే వచ్చి, ఊరి మీద చుట్లు తిరిగాయి. దిగడానికి చెట్టు లేదు. ఒక్కటి ఉంది. కమిషనర్‌గారి బంగళా ఆవరణలోని నిద్రగన్నేరు. అది ప్రభుత్వ వృక్షం; దాని కొమ్మ విరవాలంటే మూడు శాఖల అనుమతి కావాలి. అనుమతి కోసం రాసిన ఉత్తరాలకు శాఖలు ఒకదాని అభిప్రాయం ఒకటి అడుగుతున్నాయి. ఆ నిద్రగన్నేరు మీద కొంగలు, నీటికాకులు, రంగురంగుల ఉంగరాల కాకులు దిగి కాపురాలు పెట్టాయి. గూళ్ళకు సామగ్రి వెతుక్కోవలసిన పని కూడా లేకపోయింది. మెరిసే రిబ్బన్లు, నిషేధపు ఫ్లెక్సీలు, కూడలిలో చిరిగి వేలాడుతున్న 'చట్టం ముందు చెట్లన్నీ సమానమే'. ఆ వాక్యంలోని సగభాగం ఒక నీటికాకి గూటి అంచున బంగళా గేటు నుంచి స్పష్టంగా చదవడానికి వీలుగా ఉండేది.

నేను ఫిర్యాదు చేశాను. కొత్తగా ఏమీ కోరలేదు. పైన చెప్పిన తీర్మానం ప్రకారం చెట్టు స్వాధీనంలో ఉన్న వ్యక్తిని విచారించి, ఆ ఆవరణకు తాళం వేయమని మాత్రమే కోరాను. దాని నకలు ఒకటి పురస్కార సంఘానికి పంపాను.

ఈసారి విచారణ బంగళా వరండాలో జరిగింది. సర్వే అధికారి హోదాలో ధనుంజయ ప్రశ్నలడగాలి. అతడు నిలబడే అడిగాడు. వజ్రమ్మ సెంటరు నుంచి నేరుగా వచ్చి మెట్ల మీద కూర్చుంది.

"చెట్టు... తమరిదేనాండి?"

"ప్రభుత్వానిది. నా స్వాధీనంలో ఉంది."

"గూళ్ళు?"

"పక్షులవి. చెట్టు నా స్వాధీనంలో ఉంది గానీ పక్షి లేదు కదయ్యా. నేనేమన్నా పిలిచానా?"

మెట్ల మీద నుంచి వజ్రమ్మ, "ఆయ్, పేరంటం కూడా కాదండి," అంది.

కమిషనర్‌గారు ప్రభుత్వ వృక్షాలకు మినహాయింపు ఉండాలన్నారు. ధనుంజయ నా వంక చూశాడు. నేను గూటి వంక చూశాను. అందరూ చూశారు. గాలికి ఆ పీలిక కొంచెం విప్పారి, 'చెట్లన్నీ సమానమే' అని మిగిలిన ముక్క కూడా కనబడింది.

"సార్," అన్నాడు ధనుంజయ గొంతు తగ్గించి, "నిద్రగన్నేరు పువ్వులు అమ్మగారు పూజకి వాడుకుంటన్నారండి. అప్పుడు తమరే అన్నారు, ఫలం ఎవరిదైతే..."

"నువ్వు కూర్చో," అన్నారు కమిషనర్‌గారు. అతనికి కుర్చీ లేదు.

పురస్కార సంఘం మరునాడు ఉదయం రానుంది. నియమం ఉంటే బంగళాకు తాళం పడుతుంది, చింతలేరు సూచీ మొత్తం ఆయన ఒక్కరి పేరనే నమోదవుతుంది. నియమం లేకపోతే దాని పుణ్యాన వచ్చిన శూన్య సూచీ చెల్లదు, పురస్కారం లేదు. ఇల్లో, సన్మానపు దండో తేల్చుకోవాలి. ఆయన కళ్ళద్దాలు తుడుచుకుని, తుడుచుకుని, చివరికి ఇల్లు కోరుకున్నారు. తీర్మానం మొదటి నుంచీ చెల్లదని, దాని కింద తీసుకున్న చర్యలన్నీ జరగనట్టేనని ఉత్తర్వు రాయించారు.

"అయితే నా హోటలు తాళం?" అంది వజ్రమ్మ.

"పడనట్టే," అన్నారు కమిషనర్‌గారు.

"మరి ఏడాది పాటు నేను ఆ సంచులకి ముళ్ళేసింది?"

దానికి ఆయన దగ్గర ఉత్తర్వు లేదు. ఆయన తల దించుకున్నారని రాయాలని నాకు కోరికగా ఉంది, కానీ దించుకోలేదు. గడియారం చూసుకున్నారు.

"స్వాధీనపరచుకున్నవన్నీ తిరిగి ఇచ్చివేయవలెను," అని చదివి ధనుంజయ ఆగాడు. "సార్, సాక్ష్యం ఇవ్వొచ్చు గానీ గంగాళాలు ఇవ్వలేవండి. తుఫాను సామగ్రి. తుఫాను అయిపోయినట్టు ఉత్తర్వు లేదు."

"పాత్రలు లేకుండా ఆ చెత్తను ఎలా మోస్తావు? దోసిట్లోనా?"

"అదేనండి."

"మేడంగారు ఫిర్యాదు ఎప్పుడు ఉపసంహరించుకుంటారు?"

"గంగాళాలు వజ్రమ్మ గుమ్మంలో దిగినప్పుడు," అన్నాను.

కమిషనర్‌గారు కాగితం లాక్కుని తుఫాను ముగిసినదని రాసి సంతకం చేశారు. అన్ని సంవత్సరాలుగా చింతలేరు మీద వీస్తున్న ఆ తుఫాను, వాన వెలిసి ఎండ కాస్తున్న ఒక మధ్యాహ్నం, ఆ బంగళా వరండాలో ఆగిపోయింది.

సాయంత్రం పురపాలక సంఘం ట్రాక్టరు మీద మూడు గంగాళాలూ వచ్చాయి. ధనుంజయ దగ్గరుండి దింపించాడు. వజ్రమ్మ ఒక్కొక్కదాని అంచు తడిమి, సొట్ట ఉన్నదాని దగ్గర కాసేపు నిలబడింది. తరువాత మూడింటినీ నేల మీద బోర్లించింది. బిర్యానీ సంచులు, నైలాను తాళ్ళు, మీసాలు, చిరునవ్వులు కుప్పపడ్డాయి. ఆమె కూర్చుని ఓపికగా ఏరి రెండు కుప్పలు చేసింది.

"సంచులు ఎదురింటోళ్ళవండి, ఆళ్ళకిచ్చెయ్యండి. ఇయ్యన్నీ కమిషనరుగారి మొకాలు. ఎవరి మొకం ఆళ్ళకే చేరాలి. మళ్ళీ నేను దాచుకున్నానంటారు."

"ఇవన్నీ ఎక్కడ పెట్టమంటావమ్మా?" అన్నాడు ధనుంజయ నీరసంగా.

"మీ ఆఫీసు గుమ్మం దగ్గర పువ్వులుండేయి కదండీ. గంగాళం ఎలాగూ లేదు. ఆ చోట్లో పెట్టండి, వచ్చేవోళ్ళు చూసుకుంటారు."

ట్రాక్టరు వెళ్ళిపోయింది. వజ్రమ్మ చింతపండూ ఇసుకా కలిపి గంగాళాలు తోమడం మొదలుపెట్టింది. మొండెం చేసిన చింతచెట్టు అప్పటికి చిగుళ్ళు వేసింది. చింతపండు మాత్రం ఆ ఏడు కొనుక్కున్నదే. ఆదివారం పందిరి కింద మళ్ళీ విస్తళ్ళు పరిచారు. ఊరివాళ్ళు వచ్చారు, తమ తమ గిన్నెలతో, కొంచెం సిగ్గుపడుతూ. అందరికంటే చివర ధనుంజయ క్యారియరు పట్టుకుని నిలబడ్డాడు. వజ్రమ్మ గరిటె ఎత్తి, అతని చేతుల వంక చూసి, సంచీ లేదని రూఢి చేసుకున్న తరువాతే సాంబారు పోసింది.

గంగాళాలు దిగిన సాయంత్రమే నేను ఫిర్యాదు ఉపసంహరించుకున్నాను. తీసుకున్నవి మూడు; వచ్చినవి మూడు. ఒకదాని అంచు మీద సొట్ట అలాగే ఉంది.